నాయిన జేబులో కళ్లద్దాలు

నాకు అక్షరాభ్యాసం జరిగింది. మా చెల్లెకు జరగలేదు. మా ఇంటికి వచ్చిన కష్టమంతా ఈ రెండు సంగతులను మా వాడకట్టు కలిపి చదివిన తీరులో ఉంది.

నాకు ఐదేళ్లు నిండేనాటికి మా నాయిన ఇంకా దేవుణ్ణి వదిలిపెట్టలేదు. ఆత్మకూరు దగ్గరి మా ఊళ్లో నాయనమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, పళ్లెంలో పోసిన బియ్యంలో అయ్యగారు నా వేలు పట్టి దిద్దించాడట. గొర్లు కాసుకునే ఇంట్లో అది పెద్ద పండుగే. నాయనమ్మ తన ఇద్దరు కొడుకులకూ అట్లాగే దిద్దించింది. పెద్దకొడుకు, అంటే మా పెదనాయిన, ఏడాది బడికి పోయి, తన్నులు తిని, గొర్ల వెంట వెళ్లిపోయాడు. చిన్నకొడుకు మా నాయిన. నాలుగో తరగతి దాకా ఎట్లాగో నెట్టుకొచ్చి, పెద్దయ్యాక మిర్యాలగూడ రైసుమిల్లులో బాయిలర్ దగ్గర పనికి కుదిరాడు. ఆ అన్నదమ్ములిద్దరినీ బడిలో నిలబెట్టి వాళ్ల పంతులు ఒక మాట అన్నాడు: "మీ జాతికి సదువు ఎక్కదురా. రక్తంలనే లేదు."

మా నాయిన బతుకంతా ఆ మాటకు జవాబు చెప్పడంలోనే గడిచింది.

మిర్యాలగూడకు వచ్చాక ఆయనకు హేతువాదుల సావాసం దొరికింది. సభలకు పోయేవాడు, వాదనలు వినేవాడు, విన్నదాన్ని మర్నాడు మిల్లు ముందున్న టీ హోటల్లో పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. మెరక మీద నిలబడి మాట్లాడినట్టు ఉండేది ఆ గొంతు. ఆయన ఎన్ని పుస్తకాలు చదివాడోనని హమాలీలు ఆశ్చర్యపోయేవాళ్లు. ఎనభయ్యో దశకం మొదట్లో ఆ హోటల్లో పేపరు చదివే పని నాది. నాయిన జేబులోంచి కళ్లద్దాలు తీసి, అంగీ అంచుతో తుడిచి, మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. "బాయిలర్ సెగకు కండ్లు మసకలు వడ్డయ్ బిడ్డా. నువ్వు సదువు, నేను ఇంట" అనేవాడు. నేను చదివేదాన్ని. నా చుట్టూ పదిమంది వినేవాళ్లు. వాళ్లలో మా నాయిన ఒకడు. అందులో వింతేమీ నాకు కనిపించలేదు.

చెల్లెకు బడి వయసు వచ్చేసరికి నాయిన పూర్తిగా మారిపోయాడు. నాయనమ్మ ఊరి నుంచి వచ్చి పళ్లెం, బియ్యం, అయ్యగారు అంటే వద్దన్నాడు. ఇంట్లో అని ఊరుకుంటే సరిపోయేది. హోటల్లో అన్నాడు.

"నా చిన్నబిడ్డకు పళ్లెం లేదు, బియ్యం లేదు, అయ్యగారు లేడు. సక్కగ బడికి పోతది. పదో తరగతి ఫస్టుల పాసైతది. అయిన్నాడు మీ సరస్వతి ఏడ పన్నదో మీరే చెప్పాలె."

హోటల్ ఆయన గ్లాసులు కడుగుతూనే అడిగాడు. "కాకపోతేనో?"

"కాకపోతే నీ హోటల్ ముందటనే కొబ్బరికాయ కొడ్త."

"కొట్టినంక చిప్పలు నాకియ్యాలె. చట్నీకి పనికొస్తయ్."

అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. నవ్వుతూ వేసిన పందేలు చాలావరకు నవ్వుతోనే పోతాయి. ఈ పందెంలో మాత్రం పెట్టింది ఐదేళ్ల పిల్లను.

మా చెల్లె మాటల పుట్ట. సభల్లో మాట్లాడే పెద్దమనుషులను దించేసేది. ఒకాయన దగ్గును, ఇంకొకాయన పంచె సర్దుకోవడాన్ని, అధ్యక్షుడు గడియారం చూసుకోవడాన్ని కూడా. నేను ఒకసారి చదివిన కథను మరుసటి వారం నాకంటే బాగా చెప్పేది, మధ్యలో తన సొంత మనుషులను దింపి. అంత చురుకైన పిల్లకు పలక మీది అక్షరం మాత్రం ఆనలేదు. నిన్న గుర్తుపట్టిన అక్షరం ఇవాళ కొత్తదై కనిపించేది. పక్కపక్కన రెండక్షరాలు పెడితే, ఒక్కొక్కటిగా పలికేది కానీ కలిపేసరికి మాట చెదిరిపోయేది. రెండో తరగతి అయింది, మూడో తరగతి అయింది. పొద్దుగూకే వేళ నాయిన మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. నేను చెప్పాలి, అది చదవాలి. నాయిన పక్కన గోడకు ఆనుకొని వినాలి. పుస్తకం మాత్రం ఎప్పుడూ చేతిలోకి తీసుకునేవాడు కాదు.

"మల్ల చెప్పు."

చెల్లె చెప్పేది. తప్పు.

"మల్ల."

కాసేపటికి నాయిన గొంతు హోటల్లోని గొంతయ్యేది. చెల్లె బెదరడం తగ్గించి, పేజీ వదిలేసి నా పెదాల వైపు చూడడం మొదలుపెట్టింది. నేను ఊపిరి పీల్చే తీరును బట్టి మాటను ఊహించేది. నాలుగింట మూడు సరిపోయేవి.

ఇక వాడకట్టు తీర్పు సిద్ధమైపోయింది. బోరింగు దగ్గర మా అమ్మ ముందే అన్నారు. "పెద్దదానికి దిద్దిచ్చిండ్రు, గడగడ సదువుతది. చిన్నదానికి దిద్దియ్యలే, మొద్దువడ్డది. ఇంకేం సాక్ష్యం గావాలె?"

ఈ వాదనను ఇప్పుడు విప్పి చూడడానికి రెండు నిమిషాలు చాలు. ఇద్దరు పిల్లల మధ్య ఒక తేడా కనిపించగానే, ఆ తేడాయే కారణమని తేల్చేశారు. అదే ఇంట్లో అక్షరాభ్యాసం చక్కగా జరిగీ అక్షరం రాని మనిషి ఒకడు ఊళ్లో గొర్లు కాస్తున్నాడు. పెదనాయిన పేరు ఒక్కసారి ఎత్తితే ఆ వాదన కూలిపోయేది. మా నాయిన అంతటి వాదకుడికి అది తట్టలేదా అని చాలా ఏళ్లు అనుకున్నాను. తట్టే ఉంటుంది. కానీ అన్న పేరు ఎత్తితే తర్వాతి ప్రశ్న తన మీదికి వస్తుంది. అంతకంటే ముందు పంతులు మాట వస్తుంది. చదువు రక్తంలో లేదన్న మనిషికి, మా ఇంట్లో ముగ్గురికి రాలేదని మనమే లెక్క అప్పజెప్పినట్టవుతుంది. అందుకని ఆయన నోరు మూసుకున్నాడు. పిల్లను ఇంకాస్త గట్టిగా చదివించాడు.

మిల్లు మూతపడి నాయిన కోదాడ మిల్లుకు మారినప్పుడు నాకు కాస్త ఊపిరాడింది. ఊరు మారితే పందెం కూడా వెనకే ఉండిపోతుందనుకున్నాను. కోదాడ బడిలో సారు ఆంధ్రా వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. "ఏవండీ, మీ అమ్మాయిని అడిగితే పాఠమంతా చెబుతుంది. కాగితం మీద మాత్రం ఏమీ పెట్టదు. ఇదేంటో నాకూ అర్థం కావట్లేదు" అన్నాడు. మంచివాడే కనక, పై తరగతికి పంపిస్తూ వచ్చాడు.

అది ఏడో తరగతికి వచ్చిన ఏడాది కోదాడలో ఒక ఆదివారం సాయంత్రం సభ పెట్టారు. ఆడపిల్లల చదువు మీద. నాయిన తన బిడ్డతో ఒక చిన్న పుస్తకంలోని పాఠం చదివిస్తానని మాటిచ్చి వచ్చాడు. నేను ఆ పాఠాన్ని చెల్లెకు చదివి వినిపించాను. అది రెండు రోజుల్లో పట్టేసింది. సభలో పుస్తకం పట్టుకుని నిలబడి, ఎక్కడ పేజీ తిప్పాలో అక్కడ తిప్పుతూ, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచుతూ చెప్పింది. చప్పట్లు ఆగలేదు. నాయిన ముఖం నేను అంత వెలుగుతో ఎన్నడూ చూడలేదు.

ముందు వరసలో బట్టల కొట్టాయన ఒకడున్నాడు. ఆయనకు దురుద్దేశమేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. ముచ్చటపడి, చేతిలో ఉన్న ఆనాటి పేపరు మడిచి పైకి అందించాడు. "ఎంత బాగా చదివావమ్మా! ఏదీ, ఈ ఆడపిల్లల బడి గురించి రాసిన ముక్క కూడా చదువు. అందరూ వింటారు."

చెల్లె పేపరు తీసుకుంది. చూసింది. నా కోసం వెతికింది. నేను వేదిక పక్కన, దాని చూపు పడని మూలన ఉన్నాను.

"చదవమ్మా, భయమెందుకు?"

దాని పెదాలు కదల్లేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. బట్టల కొట్టాయనే ఇబ్బందిపడి, సాయం చేద్దామని నాయిన వైపు తిరిగాడు. "పిల్ల బెదిరింది. పోనీ మీరు చదవండి, పాప మీ వెనకాల అంటుంది."

నాయిన లేచాడు. పేపరు అందుకున్నాడు. ఒక్క క్షణం దాన్ని అట్లాగే పట్టుకుని, మడిచి, తిరిగి ఇచ్చేశాడు. "అద్దాలు తేలేదండి."

అద్దాలు ఆయన జేబులోనే ఉన్నాయి. ఒక కొస అంగీ జేబు బయటకు వంగి కనిపిస్తూనే ఉంది. నేను చూశాను. నేను చూడడం కాదు అసలు సంగతి. నాయిన పక్కనే నిలబడ్డ చెల్లె చూసింది. జేబును చూసింది, తర్వాత నాయిన ముఖాన్ని చూసింది. పన్నెండేళ్ల పిల్లకు తండ్రి ఎవరో తెలిసిపోవడానికి అంతసేపే పట్టింది.

నేను వేదికెక్కి ఆ ముక్క చదివి దిగాను. సభ సాగిపోయింది.

ఇంటికొచ్చాక నాయిన చెల్లె మీద విరుచుకుపడ్డాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్!"

అమ్మ అడ్డమొచ్చింది. "పిల్లనేమంటవ్? నువ్వెందుకు సదువకపోతివి?"

"నాకు అద్దాలు లెవ్వంటిని గద!"

చెల్లె ఒక్క మాట అంటే ఆ రాత్రికి వాదన ముగిసేది. అనలేదు. నాయినను కాపాడింది. మరుసటి సోమవారం సంచి తీయలేదు. "ఇగ నేను పోను" అంది. ఆడపిల్లల చదువు కోసం ఊరూరా గొంతు చించుకున్న మనిషి, ఈసారి అరవలేదు, బతిమాలలేదు. "పోనీ" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, నిరాశ కూడా లేదు. బరువు దించుకున్నవాడి ఊపిరి ఉంది. ఇక మీదట ఎవరూ ఎవరి చేతికీ పేపరు ఇవ్వరు. నేను ఆ 'పోనీ'ని ఇప్పటికీ క్షమించలేను. అర్థం మాత్రం చేసుకోగలను.

చెల్లె మిరప తోటలకు పోయింది, నాట్లకు పోయింది. అక్కడ ఆడవాళ్లంతా దాని చుట్టూ చేరి కథలు చెప్పించుకునేవాళ్లట. తర్వాత సూర్యాపేటలో మోటార్ల వైండింగ్ పని చేసే అతనితో పెళ్లయింది. నాయిన మళ్లీ మిర్యాలగూడ చేరుకున్నాడు గాని పాత హోటల్ వైపు పోలేదు. హోటల్ ఆయన ఒకసారి బజార్లో నన్ను ఆపి, "కొబ్బరికాయ బాకీ ఉన్నదని మీ నాయినకు చెప్పు" అని నవ్వాడు. నేను చెప్పలేదు.

నేను సూర్యాపేటలో డిగ్రీ చదివి, మిర్యాలగూడలో పాఠాలు చెబుతూ, వ్యాసాలు రాస్తూ, సభల్లో మాట్లాడుతూ నాయిన బాటలోనే నడిచాను. తొంభైల చివర్లో సూర్యాపేటలో మా మిత్రులు ఒక డాక్టరును పిలిపించి మాట్లాడించారు. ఆయన చెప్పింది ఇది. కొందరు పిల్లలు తెలివిగలవాళ్లే. కళ్లు, చెవులు బాగానే ఉంటాయి. బడి కూడా అందరికీ ఉన్నదే. అయినా చెవికి వినపడే శబ్దాన్ని కంటికి కనిపించే గుర్తుతో ముడివేయడం వాళ్లకు కష్టమవుతుంది. ఇది ఇళ్లలో పారంపర్యంగా వస్తుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక బిడ్డకు వస్తుంది, తోడబుట్టిన ఇంకో బిడ్డకు రాకపోవచ్చు. దానికి ఏదో ఒక్క జన్యువు కారణమని వేలు పెట్టి చూపలేం. ఎన్నో కలిసి, ఇంటి వాతావరణమూ బడీ తోడై పనిచేస్తాయి. అంతకంటే ముఖ్యమైనది, అది నుదుటి రాత కాదు. ఓపికగా, శబ్దం నుంచి మొదలుపెట్టి నేర్పితే వాళ్లూ చదవగలుగుతారు. ఆలస్యంగానే, కానీ చదువుతారు.

లేచి అడిగాను. "వంశంలో వస్తుందంటే, ఫలానా కులానికి చదువు రాదన్నవాళ్లకు బలం ఇచ్చినట్టు కాదా?"

ఆయన నవ్వాడు. "కులం అడిగి రాదమ్మా అది. మా అబ్బాయికి ఉంది. మా నాన్నగారికి ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. మా ఇంట్లో తరతరాలుగా అందరూ పంతుళ్లే."

మిర్యాలగూడకు పోయి నాయిన ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన వినడం ఎప్పుడూ అట్లాగే ఉంటుంది.

"అంటే మా పంతులన్నదే నిజమంటవ్?"

"పంతులు జాతి అన్నడు నాయినా. ఈయన ఇల్లు అంటున్నడు. జాతి వేరు, ఇల్లు వేరు."

"చెప్పేటోనికి వేరు బిడ్డా. ఇనేటోనికి రెండూ ఒక్కటే. రక్తం అన్న మాట ఇంట్లకు రానిస్తే, దాని ఎంబడి ఎవరెవరు వస్తరో నీకెర్క లేదు."

ఆ మాటకు ఇప్పుడు నా దగ్గర సగం జవాబు ఉంది. రక్తం పేరు చెప్పి ఒక జనాన్ని బడి బయట కూర్చోబెట్టినవాడు అబద్ధమాడాడు. ఆ అబద్ధం మీద కోపంతో, ఒక ఇంట్లో తండ్రి నుంచి బిడ్డకు వచ్చిన కష్టాన్ని లేదు లేదంటూ బుకాయించిన మనమూ నిజం చెప్పలేదు. వాడు పిల్లలను జాతి పేరుతో కొట్టాడు. మనం పిల్లను సిద్ధాంతం పేరుతో కొట్టాం. దెబ్బ తిన్నదానికి ఆ తేడా తెలియదు. మిగతా సగం జవాబు నాయిన అన్న ఆఖరి మాటలో ఉంది. ఆయన భయం ఇంకా తప్పని తేలలేదు.

ఆ మరుసటి ఏడాది చెల్లె మిర్యాలగూడకు వచ్చింది. దాని బిడ్డ రెండో తరగతి. అత్తగారి ఇంట్లో ఆ పిల్లకు అక్షరాభ్యాసం ఘనంగా చేశారు, పళ్లెం నిండా బియ్యం పోసి. అయినా అక్షరం ఆనలేదు. పళ్లెం సిద్ధాంతం అక్కడితో చచ్చిపోవాలి. చావలేదు. "తల్లి దిద్దుకోలే, అది బిడ్డకు తగిలింది" అన్నారు. బడిలో రోజూ దెబ్బలు. పరీక్షలయ్యాక మానిపించి ఇంట్లో పెట్టుకుందామని ఇంట్లో అందరూ ఒక మాట అనుకున్నారు.

చెల్లె నాయిన మంచం దగ్గర కింద కూర్చుంది.

"నాయినా, ఒక్కసారి బడికి రా."

"నేనొచ్చి ఏం జెయ్యాలె? అక్కను తీస్కపో. సదువుకున్నది, మాట్లాడతది."

"అక్క సదువుకున్నది. అందుకే అక్క చెప్తే నమ్మరు. మొద్దు పిల్లలకు వకాల్తా పుచ్చుకున్నదంటరు. నేను చెప్తే మొద్దుది మొద్దుదాన్ని ఎనకేసుకొస్తుందంటరు. ఊర్లల్ల సభలు జేసినోనివి, నువ్వు చెప్పు."

"ఏమని చెప్పాలె?"

చెల్లె నెమ్మదిగా అంది. "ఆ పొద్దు అద్దాలు నీ జేబులనే ఉండె నాయినా."

నాయిన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మరునాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కుని, చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

సూర్యాపేట బడిలో హెడ్మాస్టరు మర్యాదగానే కూర్చోమన్నాడు. పిల్ల రాసిన పరీక్ష కాగితం నాయిన ముందుకు జరిపాడు. "మీరే చూడండి పెద్దాయనా, ఏం రాసిందో. దీన్ని ఏమనుకోవాలె?"

నాయిన జేబులోంచి అద్దాలు తీశాడు. పెట్టుకోలేదు. మడిచి బల్ల మీద, ఆ కాగితం మీద పెట్టాడు.

"సార్, నాకు సదువ రాదు. సంతకం ఒక్కటే వస్తది, అదీ బొమ్మ గీసినట్టు గీస్త. కండ్లు మంచిగనే ఉన్నయ్, ఈ అద్దాలు దొంగయి. మా అన్నకు రాదు. నాకు రాదు. నా బిడ్డకు నా నుంచి వచ్చింది, ఆమె బిడ్డకు ఆమె నుంచి వచ్చింది. మా పిల్ల మొద్దు గాదు. నేను మొద్దునా? గంట సేపు మాట్లాడమంటే ఇప్పుడే మాట్లాడ్త. దాన్ని కొట్టకుండ్రి. చెవికి చెప్పుండ్రి. నిమ్మళంగ చెప్పుండ్రి."

"తరగతిలో ఎంతమంది ఉన్నారో చూశారు గదా" అన్నాడు హెడ్మాస్టరు. చివరికి ముందు బెంచీలో కూర్చోబెడతామని, కొట్టవద్దని టీచరుకు చెబుతానని, నోటితో అడిగినదానికి కూడా మార్కు వేస్తామని ఒప్పుకున్నాడు. అంతే. అదైనా ఆ పిల్ల బడిలో మిగలడానికి సరిపోయింది. ఎనిమిదో తరగతిలో ఒక పేజీ మొత్తం తనంతట తాను చదివింది. చెమటలు కక్కుకుంటూ చదివింది.

మేం బయటకు వచ్చాం. చెల్లె తలుపు పక్కనే నిలబడి అంతా విన్నది. సంతోషపడుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"గీ మాట ఆ పొద్దు అంటే," అంది, "నేను గూడ బడిలనే ఉందు గద నాయినా."

ఎన్నో సభల్లో ఎంతోమందికి తడుముకోకుండా జవాబిచ్చిన నాయిన చెల్లె భుజం మీద చెయ్యి వేయబోయి, వేయలేక, ఆ చెయ్యి అట్లాగే కిందికి దించేశాడు. చెల్లె కళ్లు తుడుచుకుని, "బస్సుకు టైమైతది, పోండ్రి" అంది. తన బిడ్డ తరగతి కిటికీ వైపు వెళ్లిపోయింది.

బస్టాండులో నాయిన ఎప్పుడూ బస్సు బోర్డు చూసేవాడు కాదు. కండక్టర్ కేకను బట్టి ఎక్కేవాడు, అడిగితే "అలవాటు" అనేవాడు. ఆ రోజు ఒక బస్సు ముందు ఆగి నన్ను అడిగాడు.

"దీని మీద ఏం రాసున్నది?"

"మిర్యాలగూడ."

ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. అద్దాలు హెడ్మాస్టరు బల్ల మీదే మరిచిపోయి వచ్చాడు, లేదా వదిలేసి వచ్చాడు. ఊరు దాటుతుండగా ఎరువుల దుకాణం కనిపించింది.

"అది?"

చదివాను.

"గది?"

సినిమా పోస్టరు. చదివాను. వెనక సీట్లో కుర్రాళ్లు "ముసలాయనకు కండ్లు కనపడయా?" అని నవ్వుకున్నారు. నాయిన వెనక్కి తిరిగాడు. "కనపడ్తయ్ బిడ్డా. సదువ రాదు" అన్నాడు.

వాళ్లు నవ్వు ఆపేశారు. నాయిన దారి పొడవునా, గోడ మీది రాతలు, మైలు రాళ్లు, బడుల పేర్లు, ఒక్కటీ విడిచిపెట్టకుండా అడుగుతూనే ఉన్నాడు. నేను చదువుతూనే ఉన్నాను. బడి పేరు వచ్చిన ప్రతిసారీ ఇంకోసారి చదవమన్నాడు.